మంద పెరిగిన చాలునా?

పశుసంపద పెరిగినదా, తరిగినదా అని తెలుసుకోవడానికి మనకు అలవాటైన కొలత తలల లెక్క. నిరుడు ఊరిలో వేయి గొర్రెలు ఉండినవి, ఈ ఏడు పన్నెండు వందలు ఉన్నవి. కనుక ఊరు బాగుపడినది అనుకుంటాము. ఈ లెక్క అవసరమే. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షల గొర్రెలు, 55 లక్షల మేకలు ఉన్నవి. గొర్రెల సంఖ్యలో దేశం మొత్తం మీద తెలంగాణ మొదటి స్థానంలోను, ఆంధ్రప్రదేశ్ రెండవ స్థానంలోను నిలిచినవి. తెలుగువారు సంతోషింపదగిన విషయమే ఇది. కాని తలల లెక్క ఒక్కనాటి కథ. ఆనాటికి ఎన్ని జీవాలు బ్రతికి ఉన్నవో అది చెబుతుంది. వచ్చే వేసవిలో అవి ఏమి తినగలవో, ఎక్కడ నీరు త్రాగగలవో చెప్పదు. వాన ముఖం చాటువేసిన సంవత్సరంలో వాటిలో ఎన్ని దొడ్డిలో మిగలగలవో అంతకన్న చెప్పదు.

ఒక ప్రాంతపు పశుపోషణాభివృద్ధికి నిలకడ ఉన్నదా లేదా అని పరీక్షించడానికి మంచి ఏడు పనికిరాదు. చెడ్డ ఏడే పనికివస్తుంది. ఈ పరీక్షను కడప జిల్లా పులివెందుల ప్రాంతానికి, ముఖ్యంగా వేముల మండలానికి పెట్టి చూడడమే ఈ ప్రసంగ విషయం.

వేముల, వేంపల్లె, లింగాల, తొండూరు, సింహాద్రిపురం మండలాలు పులివెందుల చుట్టూ ఉన్న మెట్టసీమ. కొన్నిచోట్ల గట్టి ఎర్రనేల, కొన్నిచోట్ల నల్లరేగడి, వాటి నడుమ రాతిగుట్టలు. ఈ సీమలో పారే పాపఘ్ని, చిత్రావతి రెండూ పెన్నకు ఉపనదులే. రెండూ సంవత్సరంలో అధికభాగం ఇసుక మేటలే. జిల్లా సగటు వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు. నైరృతి పవనం ఇక్కడికి చేరేసరికి అలసిపోయి వస్తుంది. ఈశాన్య పవనం తీరాన్ని తడిపిన తరువాత మిగిలినది ఇస్తుంది. రెండింటిలో ఏది తప్పినా కరవే. ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో మొదలైన కరవు ఈ జిల్లాలో మనుష్యులతోబాటు పశువులను కూడ హరించినది. 1952లో రాయలసీమ అంతటా గంజి కేంద్రాలు తెరవవలసి వచ్చినది. కరవు ఇక్కడ అతిథి కాదు, వాయిదాల మీద వచ్చే బంధువు.

ఇటువంటి సీమలో మన పెద్దలు పశువులను ఎట్లా నిలుపుకొన్నారు? వారి పంటలలోనే దీనికి సమాధానం ఉన్నది. జొన్న, సజ్జ, కొర్ర పండించినప్పుడు గింజ ఇంటికి వచ్చేది, చొప్ప వామికి చేరేది. రెండు సంవత్సరాలకు సరిపడు గడ్డివామి ఉన్న ఇల్లు గట్టి ఇల్లని పేరు. గొర్రెల కాపరికి సొంత భూమి లేకపోయినా ఇబ్బంది ఉండేది కాదు. పంట కోసిన చేలలో మోడుమేత, వానాకాలంలో బీళ్లు, గుట్టలు, వేసవిలో చెట్ల ఆకు, తుమ్మకాయ అతని మందకు ఆధారం. రైతు తన పొలంలో మంద కట్టించుకొని కాపరికి ధాన్యమో, పైకమో ఇచ్చేవాడు. గొర్రె ఎరువు రైతుకు, రైతు మోడు గొర్రెకు; ఇద్దరి నడుమ కాగితం లేని ఒప్పందం నడిచేది. మేత చాలనినాడు కాపరులు మందలను తోలుకొని నెలల తరబడి వలసపోయి, వానలు పడిన తరువాత తిరిగివచ్చేవారు. ఈ పద్ధతిలో ధనం తక్కువ, శ్రమ అధికం. దానిని స్వర్ణయుగమని వర్ణింపనక్కరలేదు. కాని మేతకు తగినంత మందయే అనే సూత్రాన్ని అది ఎన్నడూ విడువలేదు.

ఆ తరువాత కాలంలో ఈ సీమ పంటలు రెండుసార్లు మారినవి. మొదటి మార్పు వేరుశెనగ. గత శతాబ్ది ఉత్తరార్ధంలో అది జొన్నను, కొర్రను వెనుకకు నెట్టినది. పశువుకు దీనివల్ల ఎక్కువ నష్టం కలుగలేదు. వేరుశెనగ కట్టెలో మాంసకృత్తులు జొన్న చొప్పలో కంటె దాదాపు రెట్టింపు. అయితే వాన తప్పితే కాయతోబాటు కట్టె కూడ పోతుంది. జొన్న అట్లా కాదు. గింజ పట్టకపోయినా చొప్ప మిగిల్చి పోతుంది.

రెండవ మార్పు తోటలు. బోరుబావులు, పులివెందుల బ్రాంచి కాలువ, చిత్రావతి జలాశయం, గండికోట నుండి ఎత్తిపోసిన నీరు, బిందుసేద్యం కలిసి ఈ ప్రాంతాన్ని చీనీ తోటలకు, అరటి తోటలకు ప్రసిద్ధమైన సీమగా మార్చినవి. రైతుకు ఆదాయం పెరిగినది; ఇది మేలే. కాని చీనీ తోటలో చొప్ప ఉండదు. తోటకు కంచె పడిన తరువాత మందకు దారి ఉండదు, మోడుమేత ఉండదు. అరటి ఆకు, బోదె పశువులకు వేయవచ్చును గాని, బోదెలో అధికభాగం నీరే, మాంసకృత్తులు స్వల్పం. దానిని మాత్రమే నమ్మి పాడిని నిలపలేము. మందులు చల్లిన తోటలోని కలుపు పశువుకు వేయడం ప్రమాదకరం కూడా. ఇట్లా నీరు వచ్చిన ఊళ్లలోనే మేత తగ్గిపోయినది. నీరు వస్తే మేత దానంతట అదే వస్తుందనుకొన్నవారికి ఈ సంగతి విచిత్రంగా తోచవచ్చును. నీరు ఏ పంటకు పోతున్నదో చూచినవారికి ఇందులో విచిత్రం లేదు.

బీళ్లు, గుట్టలు కూడ పూర్వంవలె లేవు. కొన్ని సాగులోకి వచ్చినవి, కొన్ని ముగ్గురాయి గనులకు పోయినవి. వేముల మండలంలోని తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఏర్పడి 2012లో ఉత్పత్తి ప్రారంభమైనది. కె.కె.కొట్టాల మొదలైన పరిసర గ్రామాలవారు తమ బోరునీరు చెడిపోయినదని, పంటలకు, పశువులకు హాని కలుగుతున్నదని ఫిర్యాదు చేసినారు. సంస్థవారు దానిని అంగీకరింపలేదు. ఈ వాదం ఎటు తేలినా ఒక ధర్మం మాత్రం స్పష్టం. మనిషి నీటికి ఇబ్బంది వస్తే డబ్బానీరు కొని త్రాగగలడు. పశువు తొట్టిలో పోసినది త్రాగుతుంది. వేసవిలో పాడిగేదెకు దినానికి 60, 70 లీటర్ల నీరు కావలెను. అట్టి నీటిని నిర్ణీత కాలంలో పరీక్షించి, ఫలితాన్ని గ్రామ చావడిలో తెలుగులో వ్రాసి అంటించడం ఎవరికీ నష్టం కలిగించని పని. అది జరగనంతకాలం ఆ గ్రామాలలో పాడి అభివృద్ధి మాట సందేహంతోనే నడుస్తుంది.

ఇక అభివృద్ధి పేరిట జరిగిన ప్రయత్నాలను చూద్దాము. తెలంగాణ ప్రభుత్వం 2017లో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున సబ్సిడీపై పంచే పథకం ప్రారంభించినది. ఆ జీవాలను ఆంధ్ర మొదలైన పొరుగు రాష్ట్రాల నుండి కొనవలెనని నియమం. కాని ఒక జిల్లా మందను మరియొక జిల్లాకు తోలినంత మాత్రాన నేలమీద గడ్డి పెరగదు. ఆ పథకంలోని అక్రమాలపై తరువాత అవినీతి నిరోధకశాఖ కేసులు నమోదు చేయడం మనకు తెలిసినదే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ప్రారంభమైన జీవక్రాంతి పథకంలో 14 ఆడజీవాలు, ఒక పోతు కలిపి ఒక యూనిట్. దాని వెల 75,000 రూపాయలు. ఆ నెలలోనే కడప, చిత్తూరు, ప్రకాశం జిల్లాలలో అమూల్ సంస్థ ద్వారా పాల సేకరణ కూడ మొదలైనది.

ఈ పథకాల ఉద్దేశాన్ని ఆక్షేపింపనక్కరలేదు. చేతిలో నాలుగు జీవాలున్న స్త్రీకి బ్యాంకు పుస్తకం ఉన్నంత ధైర్యం ఉంటుంది. బిడ్డ చదువుకో, వైద్యానికో ఒక పొట్టేలు అమ్ముకోగలదు. కాని యూనిట్ వెల వ్రాసిన కాగితం మీద యూనిట్ మేత కూడ వ్రాయవలెను గదా! ఆ లెక్క కష్టమైనది కాదు. సుమారు 30 కిలోల గొర్రె దినానికి ఇంచుమించు ఒక కిలో ఎండుపదార్థం తింటుంది. 15 జీవాలకు సంవత్సరానికి అయిదున్నర టన్నులు. పుట్టే పిల్లల మేత దీనికి అదనం. 400 కిలోల గేదె దినానికి 10 నుండి 12 కిలోల ఎండుపదార్థం తింటుంది. అంటే సంవత్సరానికి నాలుగు టన్నులు. పాలిచ్చే గేదెకు రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున దాణా కూడ పెట్టవలెను. పాలకేంద్రం తెరవడం ఒక పూట పని. ఆ కేంద్రానికి ఏడాది పొడుగునా పాలు పోయించే పచ్చిమేత పెంచడం ఏళ్ల పని. ఊరికి నూరు యూనిట్లు మంజూరైనవంటే అయిదువందల యాభై టన్నుల మేత కూడ మంజూరు కావలెను. దానిని ప్రకృతి మంజూరు చేస్తుందా అని ముందుగా విచారించడమే నిలకడను గురించిన ఆలోచన.

ఇది విచారింపకపోతే ఏమి జరుగుతుందో ప్రపంచం ఒకసారి చూచినది. ఆఫ్రికాలో సహారా ఎడారి దక్షిణపు అంచున ఉన్న సాహెల్ సీమలో, వానలు బాగున్న 1950, 60 ప్రాంతపు సంవత్సరాలలో పశువుల కొరకు అనేక లోతుబావులు త్రవ్వినారు. నీరు దొరికినందున మందలు పెరిగినవి. బావుల చుట్టూ గడ్డి మాత్రం పెరగలేదు. 1968 మొదలు 1973 వరకు వచ్చిన అనావృష్టిలో అక్కడ పశువులు లక్షలాదిగా చనిపోయినవి. వాటిలో ఎన్నో నిండుబావి ప్రక్కనే చనిపోయినవి. వాటిని చంపినది దప్పిక కాదు, ఆకలి. నీటిని పెంచి మేతను మరచిన అభివృద్ధికి ఇంతకు మించిన పాఠం లేదు. కాలువ నీరు వచ్చిన పులివెందుల సీమ ఈ పాఠాన్ని దగ్గరగా చదువవలసి ఉన్నది.

మేత తరువాత చెప్పుకోవలసినది రోగం. ఈ విషయంలో మనకు గొప్ప విజయమే ఉన్నది. తరతరాలుగా పశువుల దొడ్లను ఖాళీ చేసిన ముసర వ్యాధి టీకాల మూలంగా మన దేశం విడిచినది; 2011లో ప్రపంచమే ఆ వ్యాధినుండి విముక్తమైనదని ప్రకటించినారు. మనుష్యులలో మశూచి తరువాత సమూలంగా తొలగిన వ్యాధి అది ఒక్కటే. దానికి జ్ఞాతివంటిదైన పి.పి.ఆర్., అనగా జీవాలకు వచ్చే పారుడు రోగం, మన దేశంలో 1987లో తమిళనాడులో మొదట బయటపడినది. దానికి మంచి టీకా ఉన్నది. ఒకసారి వేస్తే మూడేళ్లయినా కాపాడుతుంది. తొలకరిలో లేతగడ్డి ఆత్రంగా మేసిన గొర్రెలను గంటలలో పడవేసే చిటుక రోగానికి వానలకు ముందే టీకా వేయించవలెను. వానల తరువాత చిన్న దోమలవంటి ఈగల వల్ల వ్యాపించే నీలినాలుక వ్యాధి మూతి వాచి, మేత ముట్టనీయక గొర్రెను కృశింపజేస్తుంది.

ఇక్కడ పంపిణీ పథకాలకు, రోగాలకు ఉన్న సంబంధం గమనింపదగినది. సంతలో పది మందలనుండి ఏరి కొన్న జీవాలు పది ఊళ్ల రోగాలను తేగలవు. లారీలో నిలబడి, మేత తప్పి, నీరు తప్పి వచ్చిన గొర్రెకు రోగాన్ని ఎదిరించే శక్తి సన్నగిలుతుంది. అందుచేత కొత్తగా వచ్చిన జీవాలను రెండు మూడు వారాలు విడిగా ఉంచి, నట్టల మందు త్రాపి, టీకాలు పూర్తిచేసిన తరువాతనే మందలో కలుపవలెను. ఈ చిన్న నియమం పాటింపకపోతే పంచిన 15 జీవాలే కాక, పాతమంద కూడ నష్టపడుతుంది.

మూడవ విషయం జాతి. మన సీమ గొర్రె నెల్లూరు జాతి. దేశంలోని గొర్రెలన్నిటిలో పొడగరి ఇదే. తెల్లనిదానిని పల్ల అని, ముఖం మీద నల్లమచ్చలున్న దానిని జోడిపి అని, ఎర్రనిదానిని దొర అని అంటారు. ఉన్ని లేని ఈ జాతి ఎండను ఓర్చుకొని, కోసుల దూరం నడచి, ముళ్లకంపల నడుమ మేత వెదకుకొంటుంది. పెద్ద శరీరం, ఎక్కువ పాలు అనే ఆశతో తెచ్చే పరాయి జాతులకు చల్లని కొట్టము, తప్పని దాణా కావలెను. వాటిని పోషించగల ఇల్లు పోషించవచ్చును. కాని ఒక ప్రాంతానికంతకూ అదే మార్గమని నిర్ణయింపరాదు. మన మందలలోనే మంచి పొట్టేలును గుర్తించి, రెండేళ్లకు ఒకసారి ఊరు మార్చి, దగ్గరి రక్తసంబంధం కలుగకుండ చూచుకొంటే తక్కువ ఖర్చుతో జాతి బాగుపడుతుంది.

ఈ పనికి తోడ్పడవలసిన విద్యాసంస్థలు దగ్గరలోనే ఉన్నవి. 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం క్రింద 2008లో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల వెలసినది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో పులివెందులలో పశుపరిశోధన కేంద్రానికి విశాలమైన భవనాలు లేచినవి. అవి ఏండ్ల తరబడి నిండుగా ఉపయోగపడలేదు. భవనం పరిశోధన కాదు. వేముల గుట్టలమీద ఏ గడ్డి ఎంత పెరుగుతున్నది, ఏ నెలలో ఎంత కొరత పడుతున్నది అని ఏటేటా కొలిచి చెప్పగలిగిన ఒక చిన్న బృందం, ఖాళీ మేడకన్న కాపరికి ఎక్కువ ఉపకారం చేయగలదు.

ఇప్పుడు గృహస్థులు, గ్రామస్థులు చేయదగినవి కొన్ని చెబుతాను.

మొదటిది, మేత నిలువ. వేసవి నాలుగు నెలలు గేదెకు దినానికి 6 కిలోల ఎండుమేత చొప్పున ఏడువందల ఇరువది కిలోలు ఇంట ఉండవలెను. 15 జీవాలకు, బయటి మేతకు తోడు అరకిలో చొప్పున తొమ్మిదివందల కిలోలు. పంట కోసినప్పుడే ఈ లెక్క చూచుకొని, చాలకపోతే అప్పుడే చౌకగా కొనవలెను. ఏప్రిల్‌లో కొనబోయినవాడు మేతకు రెండింతలు ఇచ్చి, పశువును సగానికి అమ్ముకొంటాడు.

రెండవది, ఉన్న మేతకు బలం చేర్చడం. నూరు కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా సుమారు 50 లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండ మూడు వారాలు కప్పి ఉంచితే ఆ గడ్డి సులభంగా జీర్ణమవుతుంది. దీనిని పెద్ద పశువులకే వేయవలెను. ఆరునెలల లోపు దూడలకు కూడదు. యూరియాను విడిగా ఎన్నడూ పశువుకు అందనీయరాదు. కాలువ నీరున్నవారు జొన్నయో, మొక్కజొన్నయో పాలకంకి దశలో కోసి, ముక్కలు చేసి, గుంతలో గట్టిగా త్రొక్కి మూసి పాతరవేస్తే నెలన్నరకు పాతరగడ్డి సిద్ధమవుతుంది. లేత జొన్నను మాత్రం మేపరాదు; దానిలో ప్రాణాంతకమైన విషగుణం ఉన్నది.

మూడవది, తోట అంచు. పది ఎకరాల చీనీ తోట ఉన్నవారు గట్టు వెంబడి అవిశె, సుబాబుల్ వరుసలు నాటి, ఒక అరెకరం పచ్చిమేతకు విడిచితే తోటకు ఎరువు, ఇంటికి పాలు రెండూ దక్కుతవి. రైతుకు, కాపరికి నడుమ పూర్వం ఉన్న ఒప్పందాన్ని ఈ రూపంలో బ్రతికించవచ్చును.

నాలుగవది, ఊరి బీడు. మిగిలిన గుట్టలను, పోరంబోకును రెండు మూడు భాగాలుగా చేసి, వానాకాలంలో ఒక భాగానికి విశ్రాంతినిచ్చి, అంజన గడ్డి, స్టైలో విత్తనం చల్లి, గింజ రాలిన తరువాత మేపవలెను. ఇది పంచాయతీయు, కాపరులును కలిసి కూర్చొని చేయవలసిన నిర్ణయం. కాపరిని తొలగించి పెంచిన బీడు నిలవదు.

అయిదవది, తగిన వేళ అమ్మడం. సెప్టెంబరు చివరకు వానల తీరు తెలిసిపోతుంది. మేత చాలదని తేలినప్పుడు పొట్టేలి పిల్లలను, ముసలి జీవాలను కండ ఉండగానే అమ్మి, మంచి ఆడజీవాలను నిలుపుకొనడం ఓటమి కాదు, గృహస్థుని వివేకం. తరువాతి వానకు ఆ మంద తిరిగి లేచి నిలుస్తుంది.

తలల లెక్కతోబాటు ప్రతి గ్రామంలోను మేత లెక్క, నీటి లెక్క వ్రాసి ఉంచవలెను. మూడు పద్దులు ఒకే పుటలో ఉంటే మంజూరు చేసే అధికారికి, అప్పు ఇచ్చే బ్యాంకుకు, జీవాలను తీసుకొనే ఇల్లాలికి కూడ నిజం ఒకేసారి తెలుస్తుంది. ఆ పుటలో మేత పద్దు తక్కువగా ఉన్న ఏడు కొత్త జీవాలను పంచడానికి బదులు గడ్డివిత్తనం పంచవలెను. సభలో దండ వేసి చూపడానికి గడ్డివిత్తనపు సంచి అంత శోభగా ఉండకపోవచ్చును. అయినా కరవుసీమలో మందను కరవు దాటించేది అదే.